షపాన్ ఇచ్చారు, గుర్రం ఏదీ?

ఫోను చేసిన పిల్ల గొంతులో తేనె కారుతోంది.

"కుల్యాష్ అక్కా, నగరపాలక కార్యాలయం నుంచి మాట్లాడుతున్నానండీ. వచ్చే ఆదివారం సైకిళ్ళ పండగ ఉంది కదా, ఆ రోజు ఉప మేయరు మెదెత్ గారికి షపాన్ కప్పి సన్మానం చేద్దామనుకుంటున్నాం. మీ చేత్తో కుట్టిందే కావాలి. ముదురు నీలం మఖమలు, బంగారు జరీతో పొట్టేలు కొమ్ముల అల్లిక. కొలతలు పంపిస్తాను."

"దేనికమ్మా సన్మానం?" అన్నాను.

"సైకిళ్ళ దారి వేయించినందుకండీ."

షపాన్‌లు, అంటే మా పొడుగాటి పండగ అంగీలు, కుట్టే నా చేతిలో కత్తెర ఉంది. ఆ పిల్ల ఎదురుగా లేదు కాబట్టి బతికిపోయింది.

వేయించాడట! సిగ్గూ శరం ఉండక్కర్లేదూ? మా అమ్మాయి దిల్నాజూ దాని స్నేహితులూ రెండు చలికాలాలు మంచులో సైకిళ్ళు తొక్కుకుంటూ తిరిగి, గడప గడపకీ వెళ్ళి సంతకాలు పోగుచేసి, ఆ కార్యాలయం మెట్ల మీద కూర్చుని, పోలీసుల చేత తిట్లు తిని సాధించిన దారి అది. కార్లకీ సైకిళ్ళకీ మధ్య మోకాలెత్తు సిమెంటు దిమ్మెలు వేశారు. వేసిన రోజున నేను కూడా నా పాత సైకిలు దులిపి తీసి, నా కుట్టు కొట్టుదాకా తొక్కాను. ఒక పక్క దిమ్మెలు, ఇంకో పక్క కాలువలో గలగలమంటూ కొండమీంచి వచ్చే నీళ్ళు. ఈ ఊళ్ళో అంత నిబ్బరంగా నేనెప్పుడూ తొక్కలేదు.

మా వీధి చివర పెళ్ళి విందుల హాలు ఉంది. పెళ్ళివారి జీపులు ఆపుకోవడానికి చోటు చాలడం లేదని ఆ హాలు యజమాని వెళ్ళి మెదెత్ చెవిలో ఊదాడు. నెల తిరక్కుండా మనుషులు వచ్చి, వీధి పొడుగునా దిమ్మెలన్నీ పెకలించి లారీకెక్కించారు. తెల్ల గీత మాత్రం ఉంచారు. నేనూ దిల్నాజూ వెళ్ళి అడిగితే ఆయన కుర్చీలోంచి కదలను కూడా లేదు.

"గీత ఉందిగా అమ్మా. డ్రైవర్లకి సంస్కారం రావాలి గానీ, సిమెంటు ఎందుకు?"

"సంస్కారం వచ్చేదాకా మా పిల్ల ఎక్కడ తొక్కాలి సార్?" అన్నాను.

"బస్సు ఉంది కదా!" అని నవ్వాడు.

ఆ నవ్వు నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. సరిగ్గా మరుసటి వారం, రిబ్బన్లు కట్టిన కారొకటి పెళ్ళి ఊరేగింపులోంచి పక్కకి తప్పుకుని, ముందున్న కార్లని దాటేద్దామని ఆ తెల్ల గీత మీదుగా దూసుకొచ్చింది. గీత దాన్ని ఆపలేదు. నా కూతురి తుంటి ఎముకా, కుడి కాలూ విరిగాయి. సైకిలు కాలువలో పడింది.

నడిపినవాడి పేరు యెర్నార్. పెళ్ళికొడుకు స్నేహితుడు, గడ్డం కూడా సరిగా రాని కుర్రవాడు. దిల్నాజ్ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక, వాడి తండ్రి సెయిత్ నలుగురు పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని మా గడప తొక్కాడు. మా అపార్టుమెంటులో అందరికంటే పెద్ద అయిన ఒరింబాయ్ తాతని ముందు కూర్చోబెట్టారు. యెర్నార్ గుమ్మం దగ్గరే తల వంచుకుని నిలబడ్డాడు. సెయిత్ మూట విప్పి షపాన్ తీశాడు. బయట బండిలో గుర్రాన్ని కూడా తెచ్చామన్నాడు. తప్పు చేసినవాడు గుర్రాన్నీ షపాన్‌నీ తెచ్చి తప్పు ఒప్పుకోవడం మా కజక్కుల్లో ఉన్నదే.

ఆ షపాన్ చూడగానే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మెడపట్టీ దగ్గర మూడు పోగుల కుట్టు. అది నా కుట్టు. బజారులో నా సరుకు కొని నాకే తెచ్చారు.

"ఎక్కడ కొన్నావయ్యా ఇది?" అన్నాను.

"పాత బజారులో, చెల్లెమ్మా. మంచిదే చూసి తీసుకున్నాం."

"మంచిదేలే. నేనే కుట్టాను."

పాపం, సెయిత్ మొహం మాడిపోయింది. మంచం మీంచి దిల్నాజ్ పకపకా నవ్వింది. నవ్వితే తుంటి నొప్పి పుట్టి అంతలోనే కెవ్వుమంది. ఆ కేక విని యెర్నార్ గుమ్మంలోనే కూలబడి ఏడ్చేశాడు. వాణ్ణి చూసి నాకు కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది. చెంప పగలగొట్టాలనిపించింది. కానీ వాడు వచ్చాడు. తల వంచాడు.

"షపాన్ తీసుకుంటాను, గుర్రాన్ని తోలుకుపొండి. మూడో అంతస్తులో దాన్ని ఎక్కడ కడతాను?" అన్నాను. "కానీ తాతా, ఒక్క మాట అడుగుతాను. కారు నడిపినవాడు వచ్చాడు. దిమ్మెలు పీకినవాడు ఎప్పుడొస్తాడు?"

ఒరింబాయ్ తాత గడ్డం నిమురుకున్నాడు. "రావాల్సినవాడే. కానీ వాడు ఉప మేయరు కదే తల్లీ. వాణ్ణి ఎవడు తీసుకొస్తాడు?"

అందరూ వెళ్ళాక దిల్నాజ్ నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, చేతికర్రలు వదిలేసిన రోజే నేను సైకిలెక్కుతాను. దిమ్మెలున్నా, లేకపోయినా."

"కాళ్ళు విరగ్గొడతా!"

"ఒకటి ఎలాగూ విరిగింది."

దానికి నా మొండితనమే వచ్చింది. ఎక్కుతానందంటే ఎక్కుతుంది. అంటే, అది చేతికర్రలు వదిలేలోగా ఆ దిమ్మెలు తిరిగి రావాలి. ఇంకో దారి లేదు.

సరిగ్గా అప్పుడే ఈ ఫోను.

"కుట్టి ఇస్తానమ్మా," అన్నాను ఆ తేనె గొంతు పిల్లతో. "వేదిక మీద నా చేత్తోనే తెస్తాను, సరేనా?"

"అబ్బ, ఎంత మంచివారండీ!"

ఆ మాట విని దిల్నాజ్ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు పట్టలేక అరిచింది. "వాడికి కుడతావా? నన్నిలా పడుకోబెట్టినవాడికి జరీ కుడతావా? నీకసలు మనసుందా అమ్మా?"

"నోరు మూసుకుని చేతులు చాపు. భుజం కొలవాలి," అన్నాను.

"నా భుజం ఎందుకు?"

టేపు పరిచి కొలిచాను. మెదెత్ కొలతల కాగితం ఎప్పుడో పొయ్యిలోకి పోయింది.

ఆదివారం మా వీధిలోనే వేదిక కట్టారు, ఆ తెల్ల గీత పక్కనే. బుడగలు, బాజాలు, సైకిలు బొమ్మ వేసిన చొక్కాలు. పిలిచిన పెద్దలందరూ ముందు వరసలో ఉన్నారు. ఒరింబాయ్ తాత కూడా అక్కడే కూర్చున్నాడు. అన్నిటికంటే ఒళ్ళు మండించిన సంగతేమిటంటే, వచ్చిన అధికారుల కార్లన్నీ సైకిళ్ళ దారిలోనే ఆపారు! పండగ సైకిళ్ళది, దారి జీపులది. దిల్నాజ్ స్నేహితులు సైకిళ్ళు పట్టుకుని ఆ కార్ల మధ్య ఇరుక్కుని నిలబడ్డారు. చేతికర్రల మీద దిల్నాజ్ కూడా వచ్చింది, మూతి ముడుచుకునే.

మెదెత్ చాలాసేపు మాట్లాడాడు. మన ఊరు, మన ఆరోగ్యం, మన పిల్లలు. ఆ 'మన పిల్లలు' అన్నప్పుడు పళ్ళు పటపట కొరికాను. తర్వాత నన్ను పిలిచారు. షపాన్ రెండు చేతుల మీద పరుచుకుని ఎక్కాను. ఆయన వీపు తిప్పి, భుజాలు సిద్ధంగా పెట్టాడు.

"మీ కొలత కాదు సార్," అన్నాను, మైకు ముందే.

ఆయన చిరునవ్వు చెదరకుండానే తిరిగాడు. "మరి ఎవరిదమ్మా?"

"ఈ దారిలో దెబ్బ తగిలిన పిల్లది. అదిగో, చేతికర్రల మీద నిలబడిందే. మీ చేత్తో కప్పండి సార్. ఊరంతా చూస్తుంది."

కెమెరాలన్నీ దిల్నాజ్ వైపు తిరిగాయి. ఆయనకి కెమెరా కనబడితే ఇంకేమీ కనబడదు. గాయపడిన పిల్ల, జరీ షపాన్, పెద్దమనసున్న అధికారి. ఇంతకంటే మంచి ఫోటో ఎక్కడ దొరుకుతుంది? గబగబా మెట్లు దిగాడు. నా చేతుల్లోంచి షపాన్ అందుకున్నాడు, స్వయంగా తన చేతులతో నా కూతురి భుజాల మీద కప్పాడు. అది అతికినట్టు సరిపోయింది. జనం చప్పట్లు కొట్టారు.

అప్పుడు లేచాడు ఒరింబాయ్ తాత. ఆయనకి నేను ముందుగా ఒక్క మాట కూడా చెప్పలేదు, నిజం. రెండు అరచేతులూ దీవెనకి పైకెత్తాడు. పెద్దవాడు దీవెనకి చేతులెత్తితే మాలో ఎవడైనా ఎత్తాల్సిందే. చిన్నప్పటినుంచీ అలవాటు, ఆలోచించేదేమీ ఉండదు. ముందు వరస ఎత్తింది. పోలీసులు ఎత్తారు. మెదెత్ కూడా ఎత్తాడు.

"దిమ్మెలు పీకించినవాడు ఈ రోజు తన తప్పు ఒప్పుకున్నాడు," అన్నాడు తాత. ముసలి గొంతే గానీ వీధి చివరిదాకా వినబడింది. "దెబ్బ తిన్న పిల్లకి తన చేత్తో షపాన్ కప్పాడు. దేవుడు అతనికి మేలు చేయుగాక. మిగిలిన గుర్రాన్ని కూడా త్వరగా పంపించే బుద్ధి ఇచ్చుగాక. ఆమీన్!"

"ఆమీన్!" అని ఊరంతా అరచేతులతో మొహం తుడుచుకుంది. మెదెత్ కూడా తుడుచుకున్నాడు. చేతులు గడ్డం దాకా దిగాక గానీ తాత ఏమన్నాడో ఆయన బుర్రకెక్కలేదు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇది... ఇది సన్మానం మాత్రమే..." అని గొణిగాడు.

"గుర్రం ఏదీ?" ఆ మాట దిల్నాజ్‌దే. మూడు నెలల మంట అంతా ఆ గొంతులో ఉంది.

"గుర్రం అంటే దిమ్మెలు సార్!" అని అరిచాడు సైకిలు కుర్రాడొకడు. ఇంక చూసుకోండి. "గుర్రం ఏదీ? గుర్రం ఏదీ?" అని సైకిలు బెల్లులు కొడుతూ వీధి దద్దరిల్లింది. వెనకెక్కడో యెర్నార్ కూడా ఉన్నాడు, గొంతు చించుకుంటూ.

ఆ వేసవంతా మెదెత్‌కి ఆ మాట తప్పలేదు. కారు దిగితే గుర్రం ఏదీ, బజారుకెళితే గుర్రం ఏదీ. ఎవరో మహానుభావులు రోజూ ఆయన కారు మీద బొమ్మ గుర్రం పెట్టేవారట. ఆకులు పండబారేసరికి లారీ వచ్చింది. దిమ్మెలు దించారు. నేను కొట్టు తలుపు దగ్గర నిలబడి, సిమెంటు ఆరేదాకా చూశాను.

చూస్తే ఏముంది? వీధంతా వేశారు, విందుల హాలు ముందు మాత్రం వదిలేశారు. సరిగ్గా నా కూతురు పడిన చోట, రెండు జీపులు పట్టే ఖాళీ.

"గుర్రానికి మూడు కాళ్ళే పంపించాడమ్మా," అంది దిల్నాజ్. చేతికర్రలు గోడకి ఆనించి ఉన్నాయి. కొత్త సైకిలు గుమ్మంలో ఉంది.

"మెదెత్ కప్పిన ఆ షపాన్ ఇలా ఇవ్వు," అన్నాను.

నాకది బిగుతే. గుండీలు పట్టలేదు. అయినా వేసుకుని, దిల్నాజ్ కంటే ముందు వెళ్ళి ఆ ఖాళీలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. పెళ్ళివారి జీపొకటి సైకిళ్ళ దారిలోకి మూతి పెట్టి, నా మోకాళ్ళ ముందుకొచ్చి ఆగింది. డ్రైవరు హారన్ మోగించాడు. మళ్ళీ మోగించాడు. తల బయటపెట్టాడు.

"అక్కా, పెళ్ళికి ఆలస్యమవుతోంది, జరగవే!"

"నేను దిమ్మెని నాయనా. జరపాలంటే మెదెత్ వచ్చి జరపాలి. ఫోన్ చేసుకో."

వాడు తిట్టాడు, నేనూ తిట్టాను. నా వీపు వెనక సైకిలు బెల్లు మోగింది, టైరు సర్రున దాటిపోయిన చప్పుడు వినబడింది. నేను తిరిగి చూడలేదు. ఆ జీపు మీంచి కళ్ళు తీస్తే కదా.