వినగడపకు ఎన్ని మార్కులు

ప్రేమ్ కిరణ్ ఊళ్లకు మార్కులు వేస్తాడు. బళ్లో పాఠాలు చెప్పేది ఆయన భార్య హన్నా అయినా, మార్కుల పిచ్చి మాత్రం ఆయనది. విజయవాడలో వరదొచ్చి వాళ్ల ఫ్లాట్ల చుట్టూ నీళ్లు నిలిచిన ఏడు పట్టుకుంది ఈ పిచ్చి. కరెంటు, ఫోను, మంచినీళ్లు ఒక్కసారే పోయి, కూతురు మేఘన పాలకోసం గుక్కపెట్టి ఏడుస్తుంటే ఏమీ చేయలేక కూర్చున్న మనిషి, నీళ్లు తీశాక కూడా తేరుకోలేదు. ఇంట్లో ఎటు తిరిగినా నీళ్ల క్యాన్లే. మంచం కింద అటుకులు, బీరువాలో చీరల మధ్య టార్చిలైట్లు. ఆకాశం కాస్త మబ్బేస్తే చాలు, ఆయన మొహంలో నవ్వు ఆరిపోయేది.

ఆ నవ్వు తిరిగొస్తుందనే హన్నా ఈ తిరుగుళ్లకు ఒప్పుకుంది. తిరువూరు చుట్టుపక్కల మెట్టలో ఎకరం నేల కొని, బోరు, సోలారు, కూరపాదులు, కోళ్లు పెట్టుకుని, ఏ ఉపద్రవం వచ్చినా ఎవరి గడపా తొక్కకుండా బతకాలని ఆయన పథకం. విస్సన్నపేటలో జనసందడి ఎక్కువని తీసేశాడు. పెనుగొలనులో నచ్చిన చేను వాళ్లు అమ్మనన్నారు. ఇక వినగడపే ఆఖరు, ఇది కూడా తప్పితే ఆ క్యాన్లన్నీ అవతల పారేసి విజయవాడలోనే ఉందామని హన్నా తెగేసి చెప్పింది. లోపల్లోపల మాత్రం వినగడప తప్పాలనే కోరుకుంది. ఉద్యోగం, చర్చిలో పాటల బృందం, పొద్దున్నే పలకరించే ఇరుగుపొరుగు, అన్నీ వదిలి మనిషి అలికిడి లేని చేలో కూర్చోవడం తలుచుకుంటేనే ఆమెకు గుండె జారిపోయేది.

మేఘనను తిరువూరులో పెద్దమ్మ దగ్గర దించి బయల్దేరారు. వాన సూచన లేదని ప్రేమ్ కిరణ్ ఫోనులో ఒకటికి రెండుసార్లు చూశాడు. ఊరికి ఇవతల వాగు మీద చప్టా అంచు కోసుకుపోయి కనిపించేసరికి కారు ఇటే ఆపి, మడమలు కూడా తడవని నీళ్లలో నడిచి దాటారు. ఆపదకాలం కోసం బియ్యం, మందులు, అగ్గిపెట్టెలు సర్దిన ఎర్ర బ్యాగు ఒకటుంది ఆయనకు. కొత్త పెళ్లికూతురిని కూడా ఎవరూ అంత కనిపెట్టుకుని ఉండరు. గంటలో వచ్చేస్తాం కదా అని ఆ ఒక్కరోజు దాన్ని కార్లో వదిలేశాడు.

చేను జ్ఞానమణిది. ఆ ఊరి బళ్లోనే పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మామిడితోట చివర, ఊరికి దూరంగా, ఒకే ఒక్క బాట ఉన్న నేల చూపించింది. ప్రేమ్ కిరణ్ మట్టి నలిపాడు, బోరు నీళ్లు రుచి చూశాడు, చుట్టూ ఎత్తుగోడ ఎక్కడి నుంచి ఎక్కడికి కట్టాలో చేత్తో చూపించాడు. నూటికి తొంభై అన్నాడు. హన్నా వెనక్కి తిరిగి, దూరంగా కనిపించే ఊరి కప్పులకేసి చూసింది.

సరిగ్గా అప్పుడే ఊళ్లోంచి జ్ఞానమణికి ఫోను వచ్చింది. చప్టా మునిగిందట. నెత్తిన ఎండ మాడుస్తోంది, చినుకైనా లేదు. ఎగువన ఖమ్మం వైపు కురిస్తే ఇక్కడ వాగొస్తుందని ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ప్రేమ్ కిరణ్ తిరువూరు వాన చూసుకున్నాడు గానీ ఎగువ వాన సంగతి ఆయనకు తట్టలేదు. పరుగున వెళ్లి చూస్తే బురదనీళ్లు హోరుమంటున్నాయి, అవతలి గట్టున కారు బుద్ధిగా నిలబడి ఉంది.

“బ్యాగు కార్లో ఉంది,” అన్నాడు నీరసంగా. వరదనాటి మొహమే మళ్లీ. హన్నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి.

జ్ఞానమణి ఇద్దరినీ చర్చి ఆవరణలోకి నడిపించింది. అప్పటికే పొయ్యి రాజుకుంది. వాగొచ్చి ఎవరు చిక్కుకుపోయినా అన్నం అక్కడే. ఆటోలో వచ్చినవాళ్లు, పాలవ్యాను రాయప్ప, అంతా చేరారు. ప్రేమ్ కిరణ్ కాళ్ల ముందు ఒకరు ఉల్లిపాయల బుట్ట, కత్తిపీట పెట్టేశారు. కోస్తూ కోస్తూ ఈ బియ్యం ఎవరివని అడిగాడు. ఎసట్లో పోసే ముందు ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు పక్కకు తీస్తుందని, ఆదివారం తెచ్చి చర్చి డబ్బాలో పోస్తుందని జ్ఞానమణి చెప్పింది. పక్కవీధి నాగేంద్రమ్మది చర్చి కాదు, గుడి. అయినా వాగొచ్చిందని వినగానే గోంగూర పచ్చడి జాడీ పంపేసింది, ఎవరూ అడక్కుండానే.

“ఆ చేను అంతగా ఎందుకు నచ్చింది బాబూ?” అంది జ్ఞానమణి గరిట తిప్పుతూ.

“ఆపదొచ్చినా అక్కడికి ఎవరూ రారు కదండీ టీచరుగారూ.”

“నీకు ఆపదొచ్చినా రారు.”

ఆమె వెక్కిరించలేదు, ఉన్నమాట అన్నదంతే. ప్రేమ్ కిరణ్ ఇంకో ఉల్లిపాయ అందుకున్నాడు. హన్నా ఇన్నాళ్లూ మనసులో దాచుకున్నది అడిగేసింది.

“వరదలో మేఘనకు పాలెవరిచ్చారండీ?”

పై అంతస్తు సుందరరాజు వాళ్లు. అప్పటిదాకా వాళ్ల పేరైనా తెలియదు. పిల్ల ఏడుపు విని, ఉన్న ఒక్క పాలపొడి డబ్బా తాడుకు కట్టి కిటికీలోకి దించారు. వరదలో ఏమేం లేకపోయిందో ప్రేమ్ కిరణ్ నిద్రలో లేపినా చెబుతాడు. ఆ తాడు మాత్రం ఒక్కనాడూ లెక్కలోకి రాలేదు. కళ్లు తుడుచుకున్నాడు. ఉల్లిపాయల ఘాటని అంతా అనుకున్నారు, హన్నా మాత్రం అనుకోలేదు.

ఎత్తుగోడ కట్టేవాళ్లకు చేను ఇవ్వనని జ్ఞానమణి నిర్మొహమాటంగా చెప్పింది. చర్చి వెనక తనదే ఇంకో అరెకరం ఉందని, దానికి వెదురుకంచె చాలని, కావాలంటే అది చూడమని అంది. ప్రేమ్ కిరణ్ బంతిలో కూర్చుని రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. ఉల్లిపాయలు ఇంత లావుగా కోసిన మొనగాడెవరని రాయప్ప అడిగితే, తనేనని చెయ్యెత్తి పడీపడీ నవ్వాడు. వరద తర్వాత హన్నా విన్న మొదటి నిండు నవ్వు అది. ఆ నవ్వు దొరికే చోట ఉద్యోగం వెతుక్కోవడం పెద్ద కష్టమేమీ కాదనిపించింది ఆమెకు.

పొద్దు వాలేసరికి వాగు తీసింది. కారు తిప్పి ఉంచుతాడనుకుంటే, అవతలికి వెళ్లిన మనిషి ఎర్ర బ్యాగు భుజాన వేసుకుని మళ్లీ ఇటే వచ్చాడు. చర్చి డబ్బా మూత తీసి, సీలు వేసి దాచిన బియ్యం సంచి కత్తిరించి, మొత్తం కుమ్మరించబోయాడు. జ్ఞానమణి చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఇంటికి పిడికెడే బాబూ. మిగతాది ఉంచు, మీరిక్కడ ఇల్లు కట్టి పొయ్యి పెట్టినరోజు వండుకుందురుగాని.”

ప్రేమ్ కిరణ్ సంచి హన్నా ముందుకు చాపాడు. ఆమె గుప్పిట నిండా బియ్యం తీసి డబ్బాలో పోసింది.