అందరూ ఇవాళే

రేపుగారు కీబోర్డు మీది బిస్కట్టు పొడిని ఉఫ్‌మని ఊది, ఎదుటి బల్ల దగ్గర కూర్చునే కొత్తమ్మాయి ఫైళ్ళ మీదికి పంపాడు. ఏ పని చెప్పినా "రేపు చూద్దాం" అంటాడు గనక ఆఫీసులో ఆయనకా పేరు. ప్రభుత్వ అద్దె ఇళ్ళకు దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళ డేటాబేస్ ఆయన చేతిలో ఉంది. పొట్ట బల్లకు ఆనించి, గుండీ ఊడిన చోట బనియను తొంగిచూస్తుండగా, ఇన్నేళ్ళుగా ఆయన అరగదీసింది కుర్చీని మాత్రమే.

ఆ పట్టికను కొత్త కంప్యూటర్‌లోకి మార్చినప్పుడే కొత్తమ్మాయి చెప్పింది. "ఒక్కో దరఖాస్తు ఎప్పుడు చేరిందో పడేలా ఒక కాలమ్ పెడదాం సార్. పాతవాటికి కాగితం మీది తేదీ వేద్దాం, కొత్తవాటికి దానంతటదే పడుతుంది."

"ఏమ్మా, వాటికి జాతకాలు రాస్తావా?" అని తన జోకుకు తనే నవ్వుకున్నాడు. అంతటితో ఆగక, చూడ్డానికి అందంగా ఉంటుందని పేర్లను అక్షరక్రమంలో పేర్చి కొత్త నంబర్లు వేశాడు. దరఖాస్తు కాగితాలను తూకానికి అమ్మించాడు.

ఇవాళ ఆ అద్దె ఇళ్ళలో కింది అంతస్తుది ఒకటి ఖాళీ అయింది. ముందు అడిగినవాళ్ళకే ఇవ్వాలి. ఎవరు ముందో చెప్పమని ఆఫీసరు కబురుపెట్టాడు. పనిని రేపటికి నెట్టే దారి లేక రేపుగారు ఆ కాలమ్ ఇప్పుడు చేర్చాడు. ఖాళీగా ఉంటే బాగుండదని అందులో "ఇప్పటి సమయం" నింపమని కంప్యూటర్‌కు చెప్పాడు. వేల వరుసలూ రెప్పపాటులో నిండాయి. దాని లెక్కన అందరూ ఇవాళ పొద్దున్నే దరఖాస్తు పెట్టుకున్నారు.

"అందరూ సమానమే సార్," అన్నాడు ఆఫీసరు గదిలోకి వెళ్ళి, న్యాయాన్ని తనే కనిపెట్టినంత ధీమాగా.

ఆఫీసరు ఆవులించాడు. "అయితే పైనున్న పేరుకి ఇచ్చెయ్."

ఇల్లు ఖాళీ అయిందని విని పొద్దుటి నుంచీ ఒళ్ళో ప్లాస్టిక్ కవరుతో బెంచీ మీద కూర్చున్న దర్జీ ఒకావిడ లేచి వచ్చింది. లిఫ్టు లేని నాలుగో అంతస్తులో తల్లితో ఉంటుంది; కిందిల్లు దొరికితే ఆమెను మళ్ళీ వీధిలోకి నడిపించాలని ఆశ. తెర మీద తల్లి పేరు పట్టిక అడుగున, "హ" దగ్గర ఉంది, పక్కనే ఇవాళ్టి తేదీ.

"మేం ఇవాళ పెట్టామంటారేంటి సార్?"

"నేను కాదమ్మా, కంప్యూటర్ అంటోంది."

"కాయితం మా అమ్మే తెచ్చిచ్చింది. మీ మెట్లన్నీ ఎక్కి, నడుచుకుంటూ. ఇప్పుడు మోకాళ్ళు పోయి మంచం దిగట్లేదు. మరి ఇవాళ ఎలా వచ్చింది?"

రేపుగారు మౌస్‌ను పక్కకు నెట్టాడు. "రేపు రామ్మా, చూద్దాం," అన్నాడు. కాఫీలో పడ్డ ఈగను చూసినట్టు చూసింది ఆయన్ని కొత్తమ్మాయి.

దర్జీ కదల్లేదు. మళ్ళీ బెంచీ మీదే కూర్చుంది. సాయంత్రం ఆమె ఫోను మోగింది. "ఎప్పుడు?" అని మాత్రం అడిగింది. కాసేపు విని, లేచి వెళ్ళిపోయింది. కొత్తమ్మాయి వెనకాలే మెట్ల దాకా వెళ్ళి తిరిగొచ్చింది.

"వాళ్ళమ్మ పోయిందట సార్."

"అయ్యో పాపం," అంటూనే రేపుగారు ఆ ముసలావిడ వరుసను వెతికి కొట్టేశాడు. రేపటికి వాయిదా వేయకుండా ఇవాళ తనంతట తాను చేసిన పని అదొక్కటే. టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని ఇంటికి బయల్దేరాడు.

బెంచీ మీద దర్జీ మరిచిపోయిన కవరు ఉంది. కొత్తమ్మాయి విప్పి చూసింది. ముసలావిడ చెప్పులు. పట్టీలు తిరిగి కుట్టించారు, అడుగులు కొత్తవి వేయించారు. వాటికింకా మట్టి అంటలేదు.