ఎండు మట్టల కింద

మా ఆయన నిచ్చెనను కాలితో తన్నినప్పుడు నా మరిది దాని మధ్య మెట్ల మీద ఉన్నాడు.

గొడవంతా ఆ చెట్టు గురించే. మా వాటాకూ మరిది వాటాకూ మధ్య పెరట్లో ఉన్న తాటిజాతి చెట్టది. ఆకులు విసనకర్రల్లా ఉంటాయి. మట్టల అంచులకు పిల్లిగోళ్ళలాంటి ముళ్ళు. ఏళ్ళ తరబడి కొట్టించకపోవడంతో ఎండిన మట్టలు రాలకుండా ఒకదాని మీద ఒకటి వేలాడి, మానుకు లంగా తొడిగినట్టు పేరుకుపోయాయి. అందులోంచి ఎలుకలు దిగి మరిది వంటింట్లో దూరుతున్నాయి. నాటింది తనే కాబట్టి దాని మీద కత్తి పడకూడదని మా ఆయన పంతం. ఆ ఉదయం మరిది ఎవర్నీ అడగకుండా నిచ్చెన వేసి, నడుముకూ మానుకూ కలిపి తాడు కట్టుకుని, రంపంతో కింది మట్టలు కోయడం మొదలుపెట్టాడు.

“దిగరా కిందికి!”

“ఎలకల దగ్గర అద్దె వసూలు చేస్తున్నావా అన్నయ్యా? వాటి మీద అంత ప్రేమేంటి?”

“దిగకపోతే కాళ్ళిరగ్గొడతా.”

“అయితే మొవ్వు కూడా కోసేస్తా. పీడా పోతుంది.”

నడినెత్తిన ఉండే ఆ లేత మొవ్వు కోస్తే చెట్టు ఇంక చిగురించదు, చస్తుంది. మా ఆయన మొహం నల్లబడింది. నేను వద్దనేలోపే తన్నాడు.

నిచ్చెన ఒరిగి గోడ మీద పడింది. మరిదిని తాడు ఆపింది. కానీ కింది ఆసరా అప్పటికే కోసేసి ఉండటంతో, ఆ కుదుపుకు పైనున్న మట్టల దొంతర మొత్తం జారి అతని మీదికి దిగింది. రంపం నా కాళ్ళ దగ్గర పడింది. అతని తలా భుజాలూ లోపలే ఉండిపోయాయి. కాళ్ళు మాత్రం మానును తన్నుతున్నాయి.

“వదినా... ఊపిరి...”

ఆ బరువు అతని గడ్డాన్ని రొమ్ముకూ, రొమ్మును మానుకూ అదుముతోంది. మా ఆయన దోటి తెచ్చి, మట్టలకు కొక్కెం తగిలించి కిందికి లాగాడు. దొంతర ఇంకాస్త జారింది. మరిది పెట్టిన కేక సగంలో తెగిపోయింది. నేను దోటి లాక్కుని ఆ కర్రతోనే మా ఆయన భుజం మీద కొట్టాను.

“లాగితే ఇంకా దిగుతోంది, కనపడట్లా? పైనుంచి కొయ్యండి!”

దొంతర జారిన చోట, పచ్చి ఆకుల కింద, మాను బయటపడింది. ఇద్దరం నిచ్చెన లేపి అక్కడికి ఆనించాం. ఆయన రంపంతో ఎక్కాడు. పై వరుస నుంచి ఒక్కో మట్టా కోసి విసురుతుంటే ముళ్ళు ముంజేతులను చీల్చాయి. నిచ్చెన పట్టుకున్న నా మొహం మీద ఆయన నెత్తురు చిందింది. మరిది కాళ్ళు తన్నడం మానేశాయి.

“ఒరేయ్, మాట్లాడరా! తిట్టరా నన్ను!”



ఇంకో మట్ట తెగింది. మరిది మెడ కనిపించింది, రంపం పళ్ళకు బెత్తెడు దూరంలో. ఇందాకటి కోపం ఆ చేతిలో ఇంకా మిగిలి ఉందేమోనని నాకు భయమేసింది.

“చెయ్యి వణికితే దిగండి. నేనెక్కుతా.”

ఆయన రంపం పక్కకు విసిరేసి, మిగిలిన మట్టలను ఉత్త చేతులతో పెకిలించాడు. చివరిది ఊడగానే మరిది తల వెనక్కి వాలింది. నోరంతా తెరిచి గాలి మింగి, నెత్తురు కలిసిన దుమ్మును అన్న మొహం మీద ఉమ్మాడు.

తాడు విప్పి కిందికి దించాం. చెవి చీలింది, ఒక కన్ను వాచి మూసుకుపోయింది. మా ఆయన నీళ్ళ చెంబుతో వంగాడు. మరిది ఆయన చొక్కా పట్టి లాగి మొహం మీద గుద్దాడు. ఆయన చేతులు ఎత్తలేదు. మళ్ళీ గుద్దాడు. పెదవి చిట్లింది. ఆ రెండింటికీ నేను కదల్లేదు. పిడికిలి ఇంకోసారి లేచినప్పుడు మధ్యకు వెళ్ళాను.

“తప్పుకో వదినా. వీడు నన్ను చంపబోయాడు.”

“చూశాను. పోలీసులడిగినా అదే చెప్తా.”

మా ఆయన పెదవి తుడుచుకున్నాడు. “వీడు చావాలనే తన్నాను,” అన్నాడు.

మరిది ఆయన చొక్కా వదిలేశాడు. నా భుజం ఆసరాగా లేచాడు.

“కారు తాళాలు తే వదినా, ఆసుపత్రికి పోదాం. వాడెక్కితే నేను దిగిపోతా.”