భ్రమరాంబ కింది రెప్ప

ఉల్లిపాయలు తరిగేటప్పుడు తప్ప భ్రమరాంబ కళ్లకి ఆ ఇంట్లో మన్నింపు లేదు. కింది రెప్పలు లోపలికి ముడుచుకుపోయి, వెంట్రుకలు గుడ్డుని గీరుతుంటే ఆరేళ్లుగా నీళ్లు కారుతూనే ఉన్నాయి. రాయపూర్ దగ్గర సిల్తారా ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మొగుడు కోటయ్య దానికి పెట్టిన పేరు ఏడుపు మొహం. ఎవరు ఊరికి బయల్దేరినా, "నువ్వు లోపలికి పోవే. వెళ్లేవాళ్లకి కన్నీళ్లు ఎదురు రాకూడదు" అనేవాడు. దారికి పులిహోర కలిపేది ఆవిడ, సీసాల్లో నీళ్లు నింపేది ఆవిడ; గడప దగ్గర నిలబడే భాగ్యం మాత్రం లేదు. తన తమ్ముడు పున్నయ్య ఆఖరిసారి వచ్చి వెళ్తున్నప్పుడు వంటింట్లోంచి ఆటో చప్పుడు ఒక్కటే విన్నది. నాలుగు నెలలకి వాడు పోయిన కబురొచ్చింది. ఆ రోజు వాడు ఏ చొక్కా వేసుకున్నాడో ఆవిడకి తెలియదు. ఇప్పటికీ గిన్నెలు తోముతూ ఆ చొక్కాకి రోజుకో రంగు వేస్తుంది.

ఇప్పుడు అక్క మహేశ్వరి దగ్గర్లో ఉన్న తిల్దా ఊరు వదిలేసి పలాసలో కూతురి దగ్గరికి వెళ్లిపోతోంది. డెబ్బై నాలుగేళ్ల మనిషి, మళ్లీ రాదు. నెలాఖరుకి రాయపూర్లో వీళ్లింట్లో ఒకరోజుండి రైలెక్కుతుంది. అది తెలిసిన రోజే భ్రమరాంబ, ఎన్నడూ తనకోసం నోరు తెరిచి అడగనిది, నయా రాయపూర్ ఆఫీసునుంచి వచ్చిన కూతురు పూర్ణిమతో అంది. "అమ్మలూ, నా కళ్లకి ఆపరేషన్ చేయించవే. అక్క వెళ్లేలోపల."

"మరి వంటెవరు చేస్తారు?" అన్నాడు కోటయ్య.

"మీరే నాన్నా. కుక్కర్ మూడు కూతలు కూస్తే దించడమేగా."

డాక్టర్ చాందిని రెప్పని వేలితో కిందికి లాగి చూసి, "ఇన్నేళ్లు ఎలా ఓర్చుకున్నారమ్మాజీ?" అంది హిందీలో. ఆ ప్రశ్న ఎవరైనా అడగడం అదే మొదలు. మత్తు సూది వేసి, వదులైన రెప్పలని బిగించి కుట్టేసింది. వారానికి కుట్లు తీశారు. పూర్ణిమ చిన్నప్పటి వాచకాల్లో తనంతట తను కూడబలుక్కుని నేర్చుకున్న చదువుతో, భ్రమరాంబ ఓ కథల పుస్తకం తీసి, కొంగు కళ్లకి అద్దకుండా నాలుగు పేజీలు చదివింది. కోటయ్య వండిన పప్పు మాడింది. అయినా మారు వడ్డించుకుంది.

మహేశ్వరి బయల్దేరే పొద్దున ఆటో వచ్చి ఆగింది. కోటయ్య హుషారుగా, "ఇవాళ నువ్వే ఎదురు రావే. కళ్లు పొడిగా ఉన్నాయి" అన్నాడు.

భ్రమరాంబ గడప దగ్గరికి వెళ్లి నిలబడింది. మహేశ్వరి ఆవిడ గడ్డం పట్టుకుని, "ఒసే భ్రమరా! నీ కళ్లు ఇంత చక్కనివని మర్చేపోయానే" అంది.

అంతే, భ్రమరాంబకి ఏడుపు తన్నుకొచ్చింది. వెక్కి వెక్కి ఏడ్చింది. గుచ్చుకోవడం లేదు, మంట లేదు. ఇంత సుఖంగా ఏడవచ్చని ఆవిడకి గుర్తే లేదు.

"అయ్యో, ఆపరేషన్ ఫెయిలైందా ఏంటే? లోపలికి పో, పో!" అన్నాడు కోటయ్య కంగారుగా.

"బాగానే అయిందండీ. మా అక్క వెళ్లిపోతోంది, ఏడుస్తున్నాను." అక్క ఆటో ఎక్కగానే తనూ ఎక్కి పక్కన సర్దుకుని కూచుంది. "రైలు కనిపించినంతసేపూ చూసి వస్తాను."