రాతలోనే పెట్టండి బాబూ

ముందుగా చదివేవాళ్ళకి ఒక మనవి. నాకు అక్షరాలు వచ్చి రెండేళ్ళు కూడా కాలేదు. ఒత్తులు తప్పుతాయి, దీర్ఘాలు మర్చిపోతాను. ఈ నాలుగు పేజీలు రాయడానికి ఎండాకాలమంతా పట్టింది. తప్పులుంటే మన్నించండి. ఇది నా సంగతే. కానీ ‘నేను’ అని మొదలుపెడితే చెయ్యి సాగలేదు. అందుకని ఎవరో ఒకామె గురించి చెబుతున్నట్టు రాశాను.

కమలమ్మ రేపల్లెలో బడిపిల్లల యూనిఫారాలు కుట్టే షెడ్డుకి సూపర్‌వైజరు. తెనాలిలో గుడ్డ కత్తిరిస్తారు. ఆ ముక్కలు మూటలుగా బాపట్లకీ రేపల్లెకీ వస్తాయి. రెండు చోట్లా ఆడవాళ్ళు కుట్టి వెనక్కి పంపుతారు. బాపట్ల షెడ్డు గౌస్ బీ చూసుకునేది. ఇద్దరూ ఒకే ఏడు పనిలో చేరారు, ఇద్దరి భర్తలూ పోయారు. గౌస్ బీ నాలుగేళ్ళు చిన్నది కనక కమలమ్మని అక్కా అని పిలిచేది. పండగకి సేమ్యా డబ్బాలో పెట్టి గుడ్డమూటతో పాటు బస్సులో పంపేది.

కమలమ్మకి చదువు రాదన్న సంగతి ఆమె భర్త తోమాసుకి తప్ప ఎవరికీ తెలియదు. టేపు మీద అంకెలు చదవగలదు, సంతకం పెట్టగలదు, అంతే. చర్చి గుళ్ళో పాటల పుస్తకం తెరిచి పట్టుకుని అందరికంటే గట్టిగా పాడేది. పాటలన్నీ నోటికి వచ్చు. పక్కామె పేజీ తిప్పితే తనూ తిప్పేది. స్త్రీల సమాజంలో బైబిలు వాక్యం చదివే వంతు వస్తే, ముందురోజే తోమాసు చేత నాలుగుసార్లు చదివించుకుని మర్నాడు అప్పజెప్పేది. ఆయన పోయాక కళ్ళజోడు ఇంట్లో మర్చిపోవడం నేర్చుకుంది. ఎవరికీ అనుమానం రాలేదు. పైగా చదువుకున్న మనిషని పేరు వచ్చింది. ఆ పేరు ఆమెకు ఎంతో ఇష్టంగా ఉండేది.

పని అంతా ఫోన్ల మీద నడిచేది. బళ్ళు తెరిచే ముందు రోజుకి యాభై ఫోన్లు. ఏ బడికి ఏ సైజు, ఎన్ని, ఏ రంగు కాలరు. ఒకసారి ఒక బడి చొక్కాలకి తెల్ల గుండీలు కుట్టాల్సింది, మూడు వందలకి నీలం గుండీలు కుట్టేశారు. ఒకరు నేను చెప్పానంటే ఇంకొకరు నాకు చెప్పలేదన్నారు. యజమాని కొడుకు శ్రీకర్ విసిగిపోయి, ఇకనుంచి అందరం ఒకే యాప్‌లో మాట్లాడుకుందామని, ఏ యాప్ పెట్టాలో తేల్చడానికి అందరినీ తెనాలి రమ్మన్నాడు.

కటింగ్ బల్ల చుట్టూ కుర్చీలు వేశారు. శ్రీకర్ ఫోన్లో రెండు చూపించాడు. ఒకటి అప్పటికే అందరి దగ్గరా ఉన్నది. అందులో పని మాట పెడితే పెళ్ళి ఫొటోల్లో, శుభోదయం పువ్వుల్లో కలిసిపోతుందని అతని బాధ. రెండోది ఆఫీసుల కోసమే చేసింది. బడికో గ్రూపు పెట్టుకోవచ్చు, ఈరోజు రాసింది ఆరు నెలల తరవాత వెతికినా దొరుకుతుంది. మాట రికార్డు చేసి పంపడం అందులోనూ ఉంది గానీ, మాటని వెతకడం కుదరదు కాబట్టి దాన్ని మూసేసి, రాతే ఉంచుదామని అతని ఆలోచన.

గౌస్ బీ ముందుగా మాట్లాడింది. తల కూడా దించలేదు.

“బాబూ, నాకు చదువు రాదు. ఏ యాపైనా పెట్టుకో, మాట పంపే వీలు మాత్రం ఉంచు. విని చేస్తా. ఇన్నేళ్ళూ విని చేసిందేగా.”

శ్రీకర్ ఆలోచనలో పడ్డాడు. సరేననేటట్టే ఉన్నాడు. కమలమ్మకి మొహం వేడెక్కింది. తన గుట్టు ఎవరో బల్ల మీద పరిచినట్టు అనిపించింది. శ్రీకర్ ఆమె వైపు తిరిగి, మీకేది వీలండీ అని అడిగాడు. నాకూ అదే కావాలి బాబూ అంటే సరిపోయేది. ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా.

అంతలో కటింగ్ మాస్టర్ బర్నబాస్ నవ్వుతూ అందుకున్నాడు. “కమలమ్మగారికేంటండి. మొన్న స్త్రీల సభల్లో కీర్తన చదివారు చూడండి, పుస్తకం వంక చూస్తే ఒట్టు.”

అందరూ మెచ్చుకోలుగా చూశారు. ఆ చూపుల ముందు గొంతుదాకా వచ్చిన మాట వెనక్కి పోయింది.

“రాతలోనే పెట్టండి బాబూ. మిషన్ల గోలలో మాట వినపడదు. తెలియనివాళ్ళు ఎవరిచేతన్నా చదివించుకుంటారు.”

గౌస్ బీ ఆమె వైపు చూసింది. కోపం లేదు. అక్క చెప్పిందీ నిజమేలే అని తనే తల ఊపింది. శ్రీకర్ అక్కడే మాట పంపే వీలు మూసేశాడు.

రేపల్లె షెడ్డులో కమలమ్మ కొత్త పద్ధతి పెట్టింది. ఫోను మోగగానే మొదటి మిషను మీద కుట్టే కృపారాణి లేచి, మెసేజ్ పైకి చదవాలి. పని మాట అందరి చెవినా పడాలంది. అది క్రమశిక్షణ అనుకున్నారు. శ్రీకర్ కూడా మెచ్చుకున్నాడు. బాపట్లలో గౌస్ బీ, అనసూయ అనే ఆమె చేత చదివించుకునేది. పిట్టలవానిపాలెంలో ఎవరో చనిపోయారని అనసూయ రెండు రోజులు రాలేదు. ఆ రెండు రోజుల్లో సైజులు మారాయని మెసేజ్ వచ్చింది. ఎవరూ చదవలేదు, పాత సైజులే కుట్టేశారు. వారం తిరిగేసరికి అనసూయ సూపర్‌వైజరు అయింది, గౌస్ బీని కాజాలు తీసే మిషను ముందు కూర్చోబెట్టారు. బర్నబాస్ ఫోన్లో ఈ సంగతి చెబితే, కమలమ్మ అయ్యో అంది. అన్నం ముందు కూర్చుని కూడా తినలేకపోయింది. అయినా నోరు విప్పలేదు.

మరుసటి ఆదివారం ఆమె గుడి నుంచి వచ్చేసరికి గుమ్మంలో గౌస్ బీ కూర్చుని ఉంది. సంచిలో కొత్త అక్షరాల పుస్తకం, నోటుబుక్కు.

“నాకు నేర్పక్కా. ప్రతి ఆదివారం వస్తా. బయటోళ్ళ దగ్గరైతే నోరు తిరగదు, నీ దగ్గరైతే తప్పు చదివినా నవ్వవు.”

కమలమ్మ టీ పెట్టింది. పక్కన కూర్చుంది. అప్పుడు కూడా చెప్పలేదు. మొదటి పేజీలో బొమ్మలున్నాయి. అమ్మ, ఆవు, ఇల్లు అని బొమ్మలు చూసి చెప్పింది. గౌస్ బీ శ్రద్ధగా ఆమె వెనకాలే పలికింది. నాలుగు పేజీలు అలాగే నడిచాయి. అయిదో పేజీలో బొమ్మలు లేవు. గౌస్ బీ ఒక వరస మీద వేలు పెట్టి ఇదేంటక్కా అంది. కమలమ్మ కళ్ళజోడు కోసం తడుముకుంది. అది మొహానే ఉంది.

“నాకూ రాదు గౌస్ బీ.”

గౌస్ బీ నవ్వింది. ఆటపట్టిస్తోందనుకుంది.

“గుళ్ళో చదువుతావంటగా.”

“నోటికొచ్చు. చదవలేను. ఎప్పుడూ చదవలేదు.”

గౌస్ బీ మొహంలో నవ్వు మెల్లగా పోయింది. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది.

“ఆ రోజు నీ పక్కనే కూర్చున్నా గదక్కా. నాకు రాదని నేను చెప్పేశాక, నువ్వు చెప్పడానికి కష్టమేముంది? నలుగురిలో చదువు రాదనడానికి నాకు సిగ్గెయ్యలా. ఇప్పుడేస్తంది.”

టీ తాగకుండానే లేచింది. బస్సుదాకా వస్తానంటే వద్దంది.

సోమవారం కమలమ్మ మొదటి రైలుకే తెనాలి వెళ్ళింది. శ్రీకర్ ఒక్కడూ ఉన్నప్పుడు చెబుదామని దారంతా అనుకుంది. కానీ ఆ అబద్ధం పదిమందిలో ఆడింది కదా. కటింగ్ బల్ల దగ్గరికే వెళ్ళి నిలబడింది.

“బాబూ, నాకు చదువు రాదు. ఆ రోజూ రాదు. గౌస్ బీ అడిగిందే నాకూ కావాలి. నా పరువు కోసం దాని పని పోగొట్టాను.”

బర్నబాస్ చేతిలో కత్తెర ఆగిపోయింది. శ్రీకర్ ఎటు చూడాలో తెలియక ఫోను వంక చూశాడు. “అప్పుడే చెప్పుంటే సరిపోయేది గదండి. ఎంతలో పని,” అన్నాడు. అక్కడే ఏదో నొక్కాడు. మాట పంపే వీలు తెరుచుకుంది. అర నిమిషం కూడా పట్టలేదు. తిట్టినా బాగుండేది అనుకుంది కమలమ్మ.

గౌస్ బీ పని సంగతి అడిగితే, సీజన్ మధ్యలో మార్చలేనన్నాడు. కమలమ్మ తన పనే ఆమెకి ఇస్తానంటే, బాపట్ల మనిషి రోజూ రేపల్లె ఎలా వస్తుందండీ అని కొట్టేశాడు. దసరాకి అనసూయని తెనాలిలో ప్యాకింగ్‌కి మార్చి, గౌస్ బీని తిరిగి సూపర్‌వైజరుగా పెట్టారు. అప్పటిదాకా నాలుగు నెలలు ఆమె కాజాలు తీసింది. కమలమ్మ ఫోన్ చేస్తే ఎత్తలేదు. కృపారాణి దగ్గర అక్షరాలు నేర్చుకుంటున్నానని, నువ్వూ రమ్మని బర్నబాస్ చేత కమలమ్మ కబురు పంపితే, బాపట్లలోనే ఒక టీచరమ్మ నేర్పుతోందని జవాబొచ్చింది.

తిరిగి సూపర్‌వైజరు అయిన రోజు గౌస్ బీ గ్రూపులో మొదటిసారి మాట పంపింది.

“కమలమ్మగారూ, బాపట్ల నుంచి గౌస్ బీనండి. ముప్ఫై సైజు లాగులు పద్దెనిమిది మీ మూటలో కలిసినయ్యండి. చూసి పంపించండి.”

కమలమ్మ అది మూడుసార్లు విన్నది. లాగులు వెతికి, లెక్కపెట్టి, మధ్యాహ్నం బస్సుకి పంపింది. తరవాత ఫోను నోటి దగ్గర పెట్టుకుని, పంపాను గౌస్ బీ, అంది. ఇంకో మాట చెప్పాలని బటన్ మీద వేలు అలాగే ఉంచింది. మిషన్ల గోల మాత్రం అందులో పడింది. వేలు తియ్యగానే మెసేజ్ వెళ్ళిపోయింది.

ఇట్లు,
నూతక్కి కమలమ్మ,
యాభై తొమ్మిదేళ్ళు,
ప్రస్తుతం ఉండేది రేపల్లె.