పది రోజుల మాట

డాక్టర్ స్తుతి నోట్లె ఒక మాట ఎప్పుడూ తయారుగ ఉంటది. "పది రోజులే." వానాకాలం గోదావరి లేసిందంటే, రేగులగుంపు దవాఖానాల డాక్టరుకు రోగుల కన్న ముందు నిండు గర్భిణులను వెతుక్కునే పని పడ్తది. వాగు పొంగి తొవ్వ తెగకముందే వాళ్ళను తండాల నుంచి, గూడేల నుంచి జీపెక్కించి భద్రాచలంల వెయిటింగ్ రూం కాడ దించాలె. కాన్పయ్యేదాక ఆడనే తిండి, ఆడనే పండుడు. ఎవరు ఒప్పుకుంటరు చెప్పుండ్రి? ఇంటికాడ పసిపిల్లలు, మేకలు, అత్త సణుగుడు. అందుకే స్తుతి పది రోజులే అంటది. నాలుగేండ్లల ఒక్కరికి గూడ పది రోజులల్ల తేలింది లేదు. ఆ సంగతి ఆమెకు ఎరుకే, నర్సు నాగలతకూ ఎరుకే. అబద్ధమే గాని మంచికి ఆడిన అబద్ధమని ఇద్దరూ సర్ది చెప్పుకున్నరు.

ఆ బుధవారం పొద్దుగాల తండాకు పోయే జీపుల కూసున్నదే గాని, స్తుతి మనసు మనసుల లేదు. శుక్రవారం సాయంత్రం అయిదింటికి పీజీ సీట్ల వెబ్ ఆప్షన్లు మూసేస్తరు. మూడేండ్లు వరసబెట్టి పరీక్ష రాస్తే ఈసారి చెప్పుకోదగ్గ ర్యాంకు వచ్చింది. దానికి దొరికేటివి రెండు, రెండూ మూడేండ్ల చదువులే. ఒకటి వరంగల్‌ల గైనిక్, అంటే కాన్పుల చదువు. ఎంబీబీఎస్ చదివిన కాలం నుంచి ఆమె కోరుకున్నది అదే. రెండోది ఖమ్మంల కమ్యూనిటీ మెడిసిన్. సర్వేలు, రిపోర్టులు, మీటింగులు. నైట్ డ్యూటీ లేదు, నెత్తురు లేదు, పొద్దుగూకకముందే ఇల్లు చేరొచ్చు. ఏది ముందు పెడితే అదే వస్తది. మొదటిది వచ్చినంక రెండోదాని మొహం గూడ చూడనియ్యరు.

ఇగ ఇంటి సంగతి. భర్త శాంతికుమార్ అశ్వారావుపేట పామాయిల్ ఫ్యాక్టరీల సూపర్‌వైజరు. బిడ్డ షారోన్‌కు అయిదేండ్లు. పాలు మరిసిన కాడి నుంచి ఆ పిల్ల నాయనమ్మ ఇన్నమ్మ దగ్గరనే పెరిగింది. స్తుతి శనివారం బస్సుకు పోతది, సోమవారం మొదటి బస్సుకు మళ్ళొస్తది. పోయిన శనివారం వానల తడుసుకుంట పోయి గుమ్మంల నిలబడి చేతులు చాపితే, షారోన్ ఇన్నమ్మ కొంగు చాటుకు పోయింది. ఆ చాటు నుంచే, "మళ్ళ ఎప్పుడు పోతవ్?" అనడిగింది. వచ్చీ రాంగనే!

"దాని తప్పేం లేదమ్మా," అన్నది ఇన్నమ్మ. "వారానికోసారి వచ్చే చుట్టాన్ని పిల్లలు గట్లనే చూస్తరు. నా మోకాళ్ళు గూడ ఇదివరకటి లెక్క లేవు. ఇంకో మూడేండ్లంటే నేనేం చెప్పను? దేవుడే చెప్పాలె."

ఆమె దెప్పలేదు, ఉన్నదే అన్నది. అదే స్తుతిని ఎక్కువ కోసింది. చుట్టమట! కన్నతల్లి చుట్టమయిపోయింది. ఆ రాత్రి శాంతికుమార్ ఫోనుల ఖమ్మంల చూసొచ్చిన కిరాయి ఇంటి ఫోటోలు చూపెట్టిండు. రెండు గదులు, వెనక జామచెట్టు, సందు చివర బడి. "నేను ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంట. ముగ్గురం ఒక్క కప్పు కింద ఉందం స్తుతీ, ఇప్పటికన్న," అన్నడు. బతిమాలినట్టే అన్నడు పాపం.

తండాల పూలి చేటల బియ్యం చెరుగుతున్నది. తొమ్మిదో నెల నిండొస్తున్నది. కడుపుల బిడ్డ తల కిందికి దిగలే, పైకే ఉన్నది. కాళ్ళు ముందొచ్చే కాన్పు. గీ వానకు అందరికన్న ముందు తోలవలసిన మనిషి ఆమెనే.

"సంచి సర్దుకో పూలీ. పది రోజులే," అన్నది స్తుతి.

పూలి చేట పక్కన పెట్టింది. "ఇంకెవరికన్న చెప్పు డాక్టరమ్మా ఆ మాట. పోయినేడు మా అక్క కాన్పుకు తోడు పంపినవ్. పది రోజులంటివి, ఇరవై ఆరు రోజులుంచిన్రు. అప్పటికి నా కొడుకుకు రెండేండ్లు. తిరిగొస్తే యాడీ, అమ్మా అని ఉరికొస్తడనుకున్న. నన్ను చూసి ఏడ్చిండు. అత్త చంకెక్కి, కొత్తోళ్ళను చూసినట్టు చూసిండు నన్ను. మళ్ళ నా దగ్గర పండుటానికి నెల పట్టింది." ఆమె స్తుతి మొహంలకు చూసింది. "నీకు పిల్లలున్నరా?"

"ఒక బిడ్డ."

"ఎవరి కాడ ఉన్నది?"

"మా అత్తమ్మ దగ్గర."

"ఎన్ని రోజుల నుంచి?"

ఇంకో పూటైతే స్తుతి ఏం చేసేది? కసిరేది, భయపెట్టేది, పూలి మొగడు దేవ్లాను పిలిపించి పంచాయితి పెట్టేది. గంటసేపు కూసోని అయినా సరే జీపెక్కించేది. ఆ పూట చేత గాలే. "సరే, ఈ పొద్దు కొడుకు కాడ పండుకో. రేపు పొద్దుగాల వస్త, అప్పుడు మాత్రం కాదనొద్దు," అని లేసింది. పూలి మొహం వెలిగిపోయింది.

"ఏంది మేడం, ఇడిసిపెట్టి వస్తిరి?" అన్నది నాగలత జీపుల. "మబ్బు జూడుండ్రి ఎట్లున్నదో."

"ఒక్క రోజే గద నాగలతా. తల్లి గోస గూడ చూడాలె."

దవాఖానాకు రాంగనే లాప్‌టాప్ తెరిసి ఖమ్మం ఒకటి, వరంగల్ రెండు అని పెట్టి సేవ్ కొట్టింది. శాంతికుమార్‌కు ఫోన్ చేసి చెప్పింది. "థాంక్సే," అన్నడు అతను. మొగడు పెండ్లానికి థాంక్స్ చెప్పుడేంది అని స్తుతి నవ్వింది. చానా రోజులకు నవ్వింది.

గురువారం తెల్లారేసరికి వాగు రోడ్డెక్కింది. జీపు ఈ ఒడ్డునే ఆగిపోయింది. నీళ్ళు తగ్గుతయేమోనని స్తుతి పది దాక గొడుగు పట్టుకొని ఆడనే నిలబడ్డది. తగ్గుతయా? ఇంకింత పెరిగినయ్. పన్నెండు దాటినంక అవతలి ఒడ్డున మనుషులు కనబడ్డరు. నులకమంచం మీద పూలి, మంచం కాళ్ళు పట్టుకొని నలుగురు, ముందట దేవ్లా. ట్రాక్టరు ట్యూబులు కట్టి, మంచాన్ని నీళ్ళ మీద తేలేసుకుంట, ఛాతీలోతు నీళ్ళల్ల దాటిచ్చిన్రు. నొప్పులు పొద్దుగాలనే మొదలైనయట.

భద్రాచలం తొవ్వల గూడ ఇంకో కాడ నీళ్ళు నిలిచినయ్, అంబులెన్సు రాదు. దవాఖానా లేబర్ రూంల స్తుతి చేతులకు గ్లౌజులు తొడిగేసరికి బిడ్డ కాళ్ళు బయటికొచ్చినయ్. నడుము వచ్చింది. భుజాలొచ్చినయ్. తల ఆడనే పట్టేసింది.

హౌస్ సర్జన్‌గ ఉన్నప్పుడు గిసోంటి కాన్పు ఒక్కటంటే ఒక్కటి చూసింది. పెద్ద మేడం రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చి, ఇంకో చేత్తో మెడ పట్టి, రొట్టె తిరగేసినంత అలకగ తల బయటికి తీసింది. ఎట్ల తీసిందో స్తుతి కండ్లకు ఇప్పటికీ కనబడ్తది, చేతులకే తెలువది. పుస్తకంల బొమ్మ యాదికి తెచ్చుకున్నది. వేళ్ళు పెట్టింది, జారినయ్. మళ్ళ పెట్టింది. నాగలత పూలి పొత్తికడుపు అదిమి పట్టి, "మేడం జల్దీ, మేడం జల్దీ," అనుకుంటనే ఉన్నది. ఎనిమిది నిమిషాలకు తల వచ్చింది. ఆడపిల్ల. బొండుమల్లె లెక్క తెల్లగ ఉన్నది. స్తుతి ఊపిరూదింది, గుండె ఒత్తింది, అరగంట ఒత్తింది. నాగలతే ఆఖరుకు ఆమె చెయ్యి పట్టి ఆపింది.

స్తుతి వెనక వరండాలకు పోయి మెట్ల మీద కూలబడి ఏడ్చింది. సప్పుడు కాకుండ ఏడ్సుడు ఆమెకు అలవాటే, ఆ పూట మాత్రం సప్పుడైంది. నిన్న జీపెక్కించి ఉంటే పిల్ల బతికేది. ఇయ్యాల చేతులకు పని తెలిసి ఉన్నా బతికేది. రెండు సార్లు ఆ పసిదాని బతుకు తన చేతులల్లకు వచ్చింది, రెండు సార్లూ జారిపోయింది.

శుక్రవారం పూలికి నెత్తురు పోవుడు తగ్గింది గాని బీపీ ఇంకా కుదుటపడలే. ఆమెను ఇడిసిపోవుటానికి మనసు రాక స్తుతి ఆ మంచం పక్క బల్ల మీదనే లాప్‌టాప్ పెట్టుకొని కూసున్నది. దేవ్లా బిడ్డను మూటగట్టుకొని పోయి పూడ్చి వచ్చిండు. తలుపు కాడ గోడకు ఆనుకొని కూసున్నడు, ఎవరి దిక్కూ చూస్తలేడు.

మూడింటప్పుడు పూలి కండ్లు తెరిసింది. "డాక్టరమ్మా."

"ఏం కావాలె పూలీ? నీళ్ళా?"

"నేను పోనంటే నువ్వెట్ల ఊకున్నవ్?"

స్తుతి తల వంచుకున్నది.

"నాకేం తెలుసు? నేను ఏడుస్త, మొండి చేస్త, కొడుకు మీద మనసు గుంజుతది. నువ్వు డాక్టరువు. జుట్టు పట్టి గుంజుకపోవాలె గద! నన్ను చూసి నువ్వు గూడ తల్లివై కూసుంటే ఎట్ల?" కోపంగ అనలే ఆమె. నిజంగనే తెలువక అడిగినట్టు అడిగింది. "నా కొడుకు ఏడ్చేటోడు. ఏడిస్తే ఏడ్చేటోడు. నెల రోజులకు మళ్ళ నా కాడికి వచ్చేటోడు. ఇది రాదు గద."

స్తుతి ముందట స్క్రీను మీద రెండు వరసలున్నయ్. నాలుగున్నర దాక వాటినే చూసుకుంట కూసున్నది. ఖమ్మం ఇల్లు కండ్ల ముందుకొచ్చింది, సందు చివర బడి, బడి సంచి ఏసుకొని నడిచే షారోన్. ఆ పిల్ల చెయ్యి పట్టుకొని నడిచేది తనే. ఎంత బాగుంటదో! తరువాత తన వేళ్ళను చూసుకున్నది. నిన్న జారిన వేళ్ళు అవి. నాలుగు యాభైకి వరంగల్‌ను పైకి జరిపి, ఖమ్మంను కిందికి దించి, సేవ్ కొట్టింది. ఫ్రీజ్ కొట్టింది. ఇగ మార్చుటానికి లేదు.

ఆడనే కూసోని శాంతికుమార్‌కు ఫోన్ చేసి దాచకుండ చెప్పింది. పూలి సంగతి, బిడ్డ సంగతి, వరంగల్ సంగతి. అతను తిట్టలే. తిడితే బాగుండేది. "ఖమ్మం ఇంటాయనకు ఇయ్యాలనే మాట ఇచ్చొచ్చిన," అన్నడు. "షారోన్‌కు నువ్వే చెప్పు, నా వల్ల కాదు," అని ఫోను పిల్ల చేతికిచ్చిండు.

"అమ్మా, మనం ఖమ్మం పోతున్నమంట గద! డాడీ చెప్పిండు. జామచెట్టున్నదంట!"

"పోదం బిడ్డా. ముందు నేను వరంగల్ పోయి చదువుకొని రావాలె. నువ్వు నాయనమ్మ కాడ మంచిగుండు."

పిల్ల ఏడ్వలే. "ఎన్ని రోజులు?" అనడిగింది.

స్తుతి నిజం చెప్పుదమనే నోరు తెరిసింది. మూడేండ్లని అయిదేండ్ల పిల్లకు ఎట్ల చెప్పుతరు?

"పది రోజులే," అన్నది.

తడబడకుండ వచ్చింది ఆ మాట, తండాల చెప్పినప్పుడు వచ్చినట్టే. పక్క మంచం మీద పూలి కండ్లు తెరిసే ఉన్నది. ఆమె విన్నది. మెల్లగ గోడ దిక్కుకు తిరిగి పండుకున్నది.