పదకొండో పేరు

కాక్కనాడ్‌లో మాది ఇళ్లకు, హోటళ్లకు ఇంటీరియర్ పనులు చేసే చిన్న కంపెనీ. మొత్తం పదకొండు మందిమి. పనంతా వాట్సాప్ గ్రూపులోనే నడిచేది. ఎవరో పెట్టిన గుడ్ మార్నింగ్ పువ్వుల కింద సైటు కొలతలు కొట్టుకుపోయేవి. ఒకసారి ఆలువా వెళ్లాల్సిన వంటింటి అరలు త్రిప్పుణితురలో దిగాయి. దాంతో మా యజమాని బినోయ్ సారు, టీము పనులన్నీ ఒకచోట కనపడే క్లౌడ్ సాఫ్ట్‌వేర్ ఏదైనా చూడమని నా నెత్తిన పెట్టాడు.

మూడు వాడి చూశాను. ఒకటి ఫోనులో తెరుచుకునేలోపు చాయ చల్లారిపోయేది. ఇంకోటి మా వడ్రంగులకు కొరుకుడు పడలేదు. మూడోది బంగారం. ఎవరి పని ఎంతదాకా వచ్చిందో వాళ్ల పేరు పక్కనే బోర్డు మీద కనపడుతుంది. పేచీ ఒక్కటే, పదిమంది వరకే ఉచితం.

"ఒక్క మనిషి కోసం అందరికీ డబ్బు కట్టాలా? ఎవరో ఒకరు సర్దుకోండి," అన్నాడు సారు. పిసినారితనంలో ఆయన తర్వాతే ఎవరైనా.

ఎంచినదాన్ని నేనే కదా అని, పెద్ద త్యాగమూర్తిలా, "ప్రీజ పేరు మీదున్న లాగిన్‌నే నేనూ వాడుకుంటాను సార్," అన్నాను. ప్రీజది నా పక్క సీటే.

"ఇకనుంచి నా పేరు చెప్పుకుని బతుకుతావన్నమాట," అని ఏడిపించింది ప్రీజ.

"నీ పేరు నిలబెడతాలే, సంతోషించు," అన్నాను.

కొన్నాళ్లకు, ఆడవాళ్లందర్నీ అక్కా అన్నట్టు చేచీ అని పిలిచే సైటు మేస్త్రి ఫోను చేసి, "ప్రీజ చేచీ, టైల్స్ దిగాయి," అన్నాడు. నేను జిన్సీనని చెప్పాను. "సరే ప్రీజ చేచీ," అన్నాడు. మర్నాడు చాయతోపాటు పళంపొరి, అదే అరటిపండు బజ్జీలు, పదే వచ్చాయి. ప్రీజ తనది సగం తుంచి ఇచ్చింది. ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం.

చెల్లెలి పెళ్లికి ప్రీజ పాలక్కాడ్ వెళ్లింది. ఆ వారంలోనే బినోయ్ సారు నా సీటు దగ్గరికి వచ్చి, "కుమరకం రిసార్టు డ్రాయింగులు బాగా వచ్చాయి ప్రీజా," అన్నాడు.

"సార్, నేను జిన్సీని. అవి గీసింది నేను."

"ఏ జిన్సీ?"

హాస్యమనుకున్నాను. ఆయన ముఖంలో హాస్యం లేదు. నాకు ఒళ్లు మండింది. "ఈ సాఫ్ట్‌వేర్ ఎంచింది ఎవరనుకున్నారు సార్?" అన్నాను.

"నువ్వే కదమ్మా ప్రీజా. మంచిదే పట్టావు. మన పదిమందికీ సరిగ్గా సరిపోయింది," అని భుజం తట్టి వెళ్లిపోయాడు.

ఆ కోపం హాస్టల్‌కు చేరేదాకానే. రోజమ్మ ఆంటీ వడ్డిస్తూ, "కూర్చో ప్రీజా, పుట్టు చల్లారిపోతోంది," అంది. ఏళ్ల తరబడి ఆమె చేతి తిండి తింటున్నాను. నాకు నిజంగా భయమేసింది. ప్లేటు వదిలేసి ప్రీజకు ఫోను చేశాను.

"జిన్సీ, ఏమైందే?" అంది. నా పేరు వినేసరికి ఏడుపు ఆగలేదు. "సోమవారం వస్తున్నాగా, ఒక్కొక్కళ్ల పనీ పడతాను, పడుకో," అంది.

సోమవారం చేతిలో పెళ్లి మిఠాయి డబ్బాతో వచ్చింది. సారు గుమ్మం దగ్గరే ఆపి, "ఎవరు కావాలమ్మా?" అన్నాడు.

"అదేంటి సార్, వారానికే మరిచిపోయారా? ప్రీజని."

"ప్రీజ అక్కడుందిగా," అని నన్ను చూపించాడు.

ఎవరూ నవ్వలేదు. నా పక్కన ఆమె కుర్చీ కూడా లేదు. ఎప్పుడు తీసేశారో నేను చూడలేదు.

"జిన్సీ, నువ్వయినా చెప్పవే వీళ్లకి," అంది ప్రీజ.

అందరూ నా వైపు తిరిగారు. నన్ను నా పేరుతో పిలిచే మనిషి లోకంలో అదొక్కతే మిగిలింది. పలుకుదామనే నోరు తెరిచాను. పలికితే ప్రీజ అనే పేరు దానిది, ఈ కుర్చీ కూడా దానిదే. నాకేముంది? జిన్సీ అనే మనిషిని ఇక్కడ ఎవరూ ఎరగరు.

"మీరెవరో నాకు తెలియదండీ," అన్నాను.

ప్రీజ తిడుతుందనుకున్నాను, మీద పడి కొడుతుందనుకున్నాను. చేతిలోని డబ్బాను ఎవరిదో అన్నట్టు అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"అయితే నేనెవర్నండీ?" అని మెల్లగా నన్నే అడిగింది.